‘సోది’ చెప్తాను, వింటారా?

మీ ఇంట్లో రోజుకి ఎన్నిసార్లు ‘సోది’ అన్న మాట వినబడుతుందో ఎప్పుడైనా లెక్క పెట్టారా? పొద్దున్నే కాఫీ గ్లాసు చేతికిస్తూ ‘‘ఏమండీ, నిన్న పక్కింటావిడ ఏమందో తెలుసా...’’ అని మొదలెడతామో లేదో, ‘‘అబ్బా, అప్పుడే మొదలెట్టావా నీ సోది!’’ అని పేపరు వెనకాల నుంచి ఒక గొంతు. మధ్యాహ్నం అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే ‘‘ఇంకా అవలేదా సోది?’’ అని పిల్లలు. ఆఖరికి మనం కూడా ఒకళ్ళనొకళ్ళం ‘‘పోనీలెండి, మన సోది ఎప్పుడూ ఉండేదేగా’’ అనుకుని లేచిపోతాం. మన మాటకి మనమే విలువ తీసేసుకుంటామన్నమాట!

ఇలా అన్నప్పుడల్లా నాకు ఒక సందేహం వచ్చేది. అసలు ఈ సోది అన్న మాట ఎక్కడిది? ఎవరు పెట్టారు? నేను పెద్ద చదువులు చదివినదాన్ని కాను. ఇంటర్మీడియట్ అవగానే పెళ్ళయింది, కృష్ణా జిల్లా నుంచి చిక్కడపల్లి వచ్చిపడ్డాను. అయినా ఈ మాట సంగతి తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. మీలో నా వయసు వాళ్ళెవరైనా సరే, చిన్నప్పుడు అమ్మమ్మగారి ఊళ్ళో అరుగు మీద కూర్చుని ఉంటే చాలు.

మధ్యాహ్నం మగవాళ్ళు పొలాలకి వెళ్ళిపోయి, ఆడవాళ్ళు అన్నాలు తిని కాస్త నడుం వాల్చే వేళ ‘‘సోది చెబుతానమ్మా, సోది!’’ అని వీధిలో కేక వినబడేది గుర్తుందా? నెత్తిన బుట్ట, నుదుట ఇంత బొట్టు, చేతిలో చిన్న కర్ర, చంకలో ఒక్కోసారి పసిపిల్లాడు. మా అమ్మమ్మ చేటలో బియ్యం పోసుకుని వచ్చి ఎదురుగా కూర్చునేది. ఆ మనిషి అమ్మమ్మ చేయి పట్టుకుని, కర్ర ఆనించి, కంచి కామాక్షినీ, మధుర మీనాక్షినీ, బెజవాడ కనకదుర్గనీ పేరుపేరునా పిలిచి, రాగం తీసి మొదలుపెట్టేది. ‘‘నీ మనసులో ఒక దిగులుందమ్మా... ఒకటి తలిస్తే ఇంకొకటి అవుతోందమ్మా...’’

అదమ్మా సోది! సోది అంటే ఎరుక చెప్పడం. జరిగిందీ, జరగబోయేదీ చెప్పడం. అక్కర్లేని కబుర్లని కాదు. బియ్యం పోసి, పాత చీర ఇచ్చి, ‘‘తరవాత? తరవాత?’’ అంటూ వినేవాళ్ళు సోదిని.

ఆ సోదిలో నిజమెంత, అబద్ధమెంత అన్న వాదనలోకి నేను వెళ్ళడం లేదు. నమ్మమనీ చెప్పడం లేదు. కానీ ఇప్పుడు తలచుకుంటే ఒక సంగతి తోస్తోంది. ఆ సోది చెప్పే మనిషి తను మాట్లాడినంతసేపూ ఎదుటి మనిషి మొహాన్నే చూస్తూ ఉండేది. ఎక్కడ కళ్ళు చెమర్చాయో, ఎక్కడ ‘ఊ’ కొట్టడం ఆగిపోయిందో కనిపెట్టేది. మా అమ్మమ్మ తన కోడళ్ళ దగ్గరా కొడుకుల దగ్గరా పెదవి విప్పని సంగతులు ఆ మనిషి దగ్గర కళ్ళనీళ్ళతో చెప్పుకునేది. మందూ మాకూ ఏమీ ఇవ్వకపోయినా, ఆవిడ వెళ్ళిపోయాక అమ్మమ్మ మొహం తేటగా ఉండేది. ఆ చేటెడు బియ్యం దేనికంటారు? సగం చెప్పినందుకైతే సగం విన్నందుకేనేమో!

మా కింద వాటాలో ఒక పిన్నిగారున్నారు. ఎనభై దాటిన మనిషి. నారాయణగూడలో మాడపాటి హనుమంతరావుగారు 1928లో పెట్టిన ఆడపిల్లల బడిలో చదువుకున్నానని ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు. నిజాం రోజుల్లో తెలుగులో ఆడపిల్లలకు చదువు చెప్పడానికి పుట్టిన బడి అది. ఒక శనివారం చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడి నుంచి తిరిగొస్తూ నా సందేహం ఆవిడకి చెప్పాను. ఆవిడ నవ్వి, ‘‘ఇప్పుడు దణ్ణం పెట్టుకొచ్చావే, ఆ స్వామే సోది చెప్పాడు తెలుసా?’’ అన్నారు.

కథ మీకూ తెలిసిందే. పద్మావతిని చూసి మనసుపడ్డ శ్రీనివాసుడు, వకుళమాతని నారాయణవనానికి సంబంధం అడగడానికి పంపుతాడు. ఇక్కడ ఆకాశరాజు ఇంట్లో పిల్ల తిండీ నిద్రా మానేసి చిక్కిపోతుంటే ఏం జబ్బో ఎవరికీ అంతుపట్టదు. అప్పుడు స్వామి ఎరుకలసాని వేషం వేసుకుని, బుట్ట పట్టుకుని వెళ్ళి, ధరణీదేవికి ‘నీ కూతురి మనసులో ఉన్నది ఫలానావాడు’ అని సోది చెప్తాడు. చూడండి, సాక్షాత్తూ ఏడుకొండలవాడికి ఒక తల్లి చేత తన మాట వినిపించాలంటే రాజు వేషమూ పనికిరాలేదు, పురోహితుడి వేషమూ పనికిరాలేదు. సోది చెప్పే ఆడమనిషి వేషం వేయాల్సొచ్చింది. ఆ వేషానికి అంత నమ్మకం ఉండేదన్నమాట!

మా అమ్మాయి గ్రూప్స్ పరీక్షలకి చదువుతోంది. అశోక్‌నగర్ పక్కనున్న సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున కూర్చుంటే సాయంత్రానికి గాని లేవదు. దానికి క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళినప్పుడు నిఘంటువులు తీయించి చూశాను. బ్రౌన్ దొరగారి తెలుగు నిఘంటువు 1852లో అచ్చయింది. అందులో సోదె అంటే ఎరుక చెప్పడమనే ఉంది. ‘సోదె’ అన్నా ‘సోది’ అన్నా ఒకటే. అంటే మన ముత్తాతల నాటికి అది ఒక పని పేరు. తిట్టు కాదు.

ఇక ఎరుక అంటే? తెలివిడి, జ్ఞానం. మా ఎదురు వాటా వదిన సిద్దిపేట మనిషి. ఏమడిగినా ‘‘నాకెర్క లేదు’’ అనో, ‘‘గిది నీకెర్కనా?’’ అనో అంటుంది. నేను వచ్చిన కొత్తలో ఆ మాటకి నవ్వొచ్చేది. ఆలోచిస్తే అచ్చమైన పాత తెలుగు మాట అది! మేం అటువైపు పుస్తకాలకి వదిలేసిన మాటని వీళ్ళు వంటింట్లో వాడుకుంటున్నారు. ఎరుక చెప్పేవాళ్ళు కాబట్టే ఎరుకలవాళ్ళన్నారని పెద్దలు చెప్తారు. సోదికీ ఎరుకకీ ఒకప్పుడు ఒకటే అర్థం. ఒకటేమో వేదాంతంలో చేరి పెద్దరికం సంపాదించింది. రెండోదేమో మన నెత్తిన పడి తిట్టయి కూర్చుంది.

మాటే కాదు, ఆ మాట చెప్పుకుని బతికిన మనుషులూ దెబ్బతిన్నారు. ఎరుకలవాళ్ళు బుట్టలల్లేవాళ్ళు, ఊరూరా తిరిగేవాళ్ళు, వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకోవడానికి వేరే భాష ఉన్నవాళ్ళు. ఇంగ్లీషువాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టమని ఒకటి తెచ్చి, కొన్ని కులాలవాళ్ళు పుట్టుకతోనే దొంగలని రాసేశారు. తరవాత ఎరుకలవాళ్ళనీ అందులోకి లాగారు. వాళ్ళకోసమని బాపట్ల దగ్గర స్టూవర్టుపురం లాంటి ఊళ్ళు కట్టి, అందులో ఉంచి కాపలా కాశారు. స్వతంత్రం వచ్చాక 1952లో గాని ఆ చట్టం పోలేదు. సోది చెప్తానని గుమ్మంలోకొచ్చిన మనిషిని చూసి ‘గిన్నెలు జాగ్రత్త’ అనుకోవడం ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడర్థమవుతోంది కదూ! మనిషి మీద నమ్మకం పోయాక ఆ మనిషి మాటకి ఏం విలువుంటుంది చెప్పండి?

పైగా సోది ఓ పట్టాన తెమిలేది కాదు. ఎక్కడో దేవతలతో మొదలై, చుట్టూ తిరిగి, చెప్పిందే చెప్పి, అసలు సంగతికి వచ్చేసరికి అరగంట పట్టేది. పనున్నవాళ్ళకి విసుగే మరి. ఆ విసుగులోంచే, తెగకుండా సాగే మాటకల్లా సోది అన్న పేరు అంటుకుపోయి ఉంటుంది.

మన దగ్గరే ఇలా జరిగిందనుకోకండి. మన పిల్లలు ‘గాసిప్’ అంటుంటారే, ఆ ఇంగ్లీషు మాట కథా అచ్చం ఇలాంటిదే. మొదట్లో దానికి ‘దేవుడి పేరున అయిన బంధువు’ అని అర్థమట. అంటే పిల్లకి జ్ఞానస్నానం చేయించేటప్పుడు తల్లిదండ్రుల తరవాత తల్లిదండ్రులుగా నిలబడేవాళ్ళు. తరవాత పురుడు పోసే వేళ తోడుండే ఇరుగుపొరుగు ఆడవాళ్ళని అలా పిలిచారు. ఆ తరవాత వాళ్ళు మాట్లాడుకునే మాటలకే ఆ పేరొచ్చి, చివరికి పనికిరాని కబుర్లని అర్థం మిగిలింది. ఏ దేశమేగినా ఆడవాళ్ళు నలుగురు చేరితే పేరు పాడవడం మామూలేనన్నమాట!

మన భాషలో ఊసుపోని మాటలకి పేర్లు కొదవా? పిచ్చాపాటీ, లోకాభిరామాయణం, పోచికోలు కబుర్లు. హైదరాబాద్ వచ్చాక బాతాఖానీ బాగా వినబడింది నాకు. అందులో హిందీ, ఉర్దూల ‘బాత్’ కనబడుతూనే ఉంది. గప్పాలు కొట్టడంలో ఉన్నదీ ఉర్దూ ‘గప్’ మాటే. ఇక 1982లో జంధ్యాలగారి ‘నాలుగు స్తంభాలాట’ సినిమా వచ్చాక ‘సుత్తి’ అన్నది రాష్ట్రమంతా పాకిపోయింది. వీరభద్రరావుగారికీ వేలుగారికీ అదే ఇంటిపేరు అయిపోయింది. సుత్తి మగవాళ్ళు కొట్టినా నవ్వొస్తుంది. సోది మాత్రం ఎక్కువగా మనకే మిగిలింది.

మా సిద్దిపేట వదిన ‘‘జర సేపు ముచ్చట పెడదాం రా’’ అంటుంది. మా వైపు ముచ్చట అంటే సరదా, కోరిక. ‘ముచ్చటగా ఉంది’ అంటే చూడ్డానికి ఇంపుగా ఉందని. ఇక్కడ ముచ్చట అంటే మాట. ఇద్దరు కూర్చుని మాట్లాడుకోవడాన్నే ఇంత ముద్దయిన మాటతో పిలిచే చోట, దాన్ని సోది అని తీసిపారేయడం న్యాయమేనా?

మరి మగవాళ్ళు మాట్లాడుకోరా? మా వీధి చివర చాయ్ హోటల్లో ఒక్క కప్పు చాయ్ ముందు పెట్టుకుని గంటన్నర కూర్చునేవాళ్ళని ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను. అశోక్‌నగర్ వెళ్తే హాస్టళ్ళ ముందు బండి దగ్గర కుర్రాళ్ళు ‘నోటిఫికేషన్ ఎప్పుడు, కటాఫ్ ఎంత’ అని నిలబడే ఉంటారు. దాన్ని ‘చర్చ’ అంటారు, ‘డిస్కషన్’ అంటారు. మనం ఆకుకూర తుంపుకుంటూ ‘నారాయణగూడ మార్కెట్లో టమాటా ఎంత, ఏ డాక్టరు ఓపిగ్గా చూస్తాడు, ఎవరింట్లో పిల్ల చిక్కిపోతోంది’ అని చెప్పుకుంటే మాత్రం సోది! టమాటా ధర ఇంటి బడ్జెట్ కాదా?

మొత్తానికి ఒక మాటేగా, అనుకుంటే అనుకోనీ అంటారా? నేనూ అలాగే అనుకునేదాన్ని. రెండేళ్ళ క్రితం ఎండాకాలంలో జరిగింది చెప్తాను.

మా మేడ మీద ఐదుగురం కలిసి సగ్గుబియ్యం వడియాలు పెడుతున్నాం. మూడో అంతస్తు ఆవిడ, పేరెందుకులెండి, యాభై ఏళ్ళుంటాయి, మాట్లాడుతూనే ఉంది. ఆవిడ మాటంతే. నల్లా నీళ్ళతో మొదలైంది. అందులోంచి పనమ్మాయి రాలేదన్నదానికి వచ్చింది. దాన్నుంచి టైలరు దగ్గరకి పోయింది. ‘‘ఈ మధ్య జాకెట్లు సరిగ్గా కుట్టడం లేదండీ. చంక దగ్గర పట్టేస్తోంది. ఏదో గట్టిగా ఒత్తుకుంటోంది. రెండుసార్లు విప్పించి కుట్టించినా అంతే. మావారికి చెప్తే, టైలరు సోది నాకెందుకు అంటారు...’’ అని నవ్వేసి, కొత్త కోడలి సంగతిలోకి వెళ్ళిపోయింది.

సిద్దిపేట వదిన గరిటె ఆపింది. ‘‘ఆగాగు. గట్టిగ తలుగుతుందంటివి. జాకెట్టుకు తలుగుతుందా, ఒంటికి తలుగుతుందా?’’ అనడిగింది.

ఒక్క క్షణం ఎవ్వరం మాట్లాడలేదు. చివరికి ఆవిడే మెల్లిగా, ‘‘ఒంటికే. చిన్న గడ్డలా ఉంది. నొప్పేం లేదుగా అని ఊరుకున్నాను’’ అంది.

నొప్పి లేదని ఊరుకోవడమే ప్రమాదమమ్మా. రొమ్ములో గాని చంకలో గాని కొత్తగా గడ్డ తగిలితే, నొప్పి ఉన్నా లేకపోయినా డాక్టరుకి చూపించాలి. అన్ని గడ్డలూ చెడ్డవే కావు. కానీ ఏదో తేల్చాల్సింది డాక్టరు, మనం కాదు. మర్నాడే వదినా నేనూ ఆవిడని తీసుకెళ్ళాం. పరీక్షలు చేశారు. క్యాన్సరే. కానీ ఇంకా ముదరలేదన్నారు. ఆపరేషనయింది, మందులయ్యాయి, జుట్టు ఊడి మళ్ళీ వచ్చింది. మొన్న వేసవిలో మాతోపాటు మళ్ళీ వడియాలు పెట్టింది. నోరు మాత్రం తగ్గలేదు, తగ్గకూడదు కూడా!

ఆయనేం చెడ్డవాడు కాదండీ. హాస్పిటల్లో రాత్రుళ్ళు కుర్చీలో కూర్చునే నిద్రపోయాడు. అంతకుముందు ఎప్పుడో భార్య చెప్పబోయినప్పుడు అలవాటుగా ‘సోది’ అని ఉంటాడు, అంతే. కానీ ఆ రెండక్షరాలు మూడు నెలలు మింగేశాయి. ఎందుకంటే, మనలో చాలామందికి ఒంటి బాధ నేరుగా చెప్పడం రాదు. ‘నాకు ఫలానా జబ్బుగా ఉంది’ అని ఎవరం అంటాం? జాకెట్టు బిగుతైందంటాం, మెట్లు ఎత్తుగా ఉన్నాయంటాం, పప్పు ఉడకడం లేదంటాం. సోది చెప్పేవాళ్ళు దేవతలందరినీ తలచుకుని గాని అసలు మాటకి రానట్టు, మనమూ చుట్టూ తిరిగి గాని అసలు సంగతికి రాము. మధ్యలో ఆపేస్తే ఆ సంగతి లోపలే ఉండిపోతుంది.

ఒక్క ఇంటి సంగతే కాదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు చదువుకుంటూ చదువుకుంటూ తమ ఇళ్ళ గోడు చెప్పుకున్నారు. కూలి డబ్బులు సారా కొట్టుకి పోతున్నాయని ఒకామె అంటే, మా ఇంట్లోనూ అంతేనని ఇంకొకామె. ఎవరికి వాళ్ళు తమ ఖర్మ అనుకున్నది అందరి కష్టమని తెలిసింది. సారా కొట్టు మూయించారు. రోశమ్మగారి పేరు రాష్ట్రమంతా మోగింది. 1993 అక్టోబరులో సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో మద్యం మొత్తానికే నిషేధం పెట్టారు. రెండేళ్ళకి దాన్ని సడలించారనుకోండి, అది వేరే సంగతి. ఆ మొదటి రాత్రి ఎవరైనా ‘ఇక్కడికి చదువుకోడానికొచ్చారా, సోది చెప్పుకోడానికొచ్చారా’ అని కసిరి ఉంటే?

అలాగని నోటికొచ్చిందల్లా మాట్లాడమని నేననడం లేదు. లేనిపోనివి కల్పిస్తే పుకారు, ఒకరి మీద ఒకరికి చెప్తే చాడీ, కొంప ముంచేలా చెప్తే కొండెం. వీటికి మన పెద్దలు వేరువేరు పేర్లు పెట్టనే పెట్టారు. ఆ గింజల్ని ఏరి పారేద్దాం. చేటలో బియ్యం మాత్రం పారబోసుకోవద్దు.

ఆషాఢంలో లష్కర్ బోనాల మర్నాడు ఉజ్జయిని మహంకాళి గుడిలో రంగం చూశారా? పచ్చికుండ మీద నిలబడి ఒక ఆడమనిషి భవిష్యవాణి చెప్తుంటే ఇసకేస్తే రాలనంత జనం నోరెత్తకుండా వింటారు. ఏడాదికొక రోజు అలా వినగలిగినవాళ్ళు, ఇంట్లో మనిషి మాట రోజుకో పావుగంట వినలేరా?

అందుకే మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టాను. రాత్రి భోజనాలయ్యాక టీవీ కట్టేస్తాం, ఫోన్లు ఫ్రిజ్ మీద పెట్టేస్తాం, పావుగంట సోది. అమ్మాయి లైబ్రరీ కబుర్లు, మావారి ఆఫీసు గొడవలు, నా నల్లా నీళ్ళు, ఏదైనా సరే. మధ్యలో ఆపకూడదు, ‘తరవాత?’ అనాలి, అంతే షరతు. మొదట్లో మావారు గడియారం చూసుకునేవారు. మొన్న ఆ పావుగంటలోనే, ఆఫీసులో మెట్లెక్కుతుంటే ఆయాసమొస్తోందని ఆయన నోటి నుంచి వచ్చింది. శుక్రవారం డాక్టరు దగ్గరకి వెళ్తున్నాం.

మీ ఇంట్లో కూడా ఈ పద్ధతి పెట్టి చూడండి. ఎవరైనా ‘ఏమిటా సోది’ అంటే కోపం తెచ్చుకోకండి. ‘‘అవును, సోదే. చేటెడు బియ్యం పోసి కూర్చోండి, చెప్తాను’’ అనండి!